నోటీసు ఇచ్చి చేసే సమ్మెకు పదును ఉంటుందా?

రాత్రిషిఫ్టు:
మా ప్లాంటులో ఇద్దరిని కారణం చెప్పకుండా పనిలోంచి తీసేశారు. రేపే గేటు ముందు కూర్చుందామని కుర్రాళ్లు అంటున్నారు. 14 రోజుల నోటీసు లేకుండా దిగితే సమ్మె చట్టవిరుద్ధం అవుతుంది, ఆగండి అని యూనియన్ అంటోంది. కానీ రెండు వారాల ముందే చెప్పేస్తే యాజమాన్యం సరుకు నిల్వ చేసుకుంటుంది, బయటి మనుషుల్ని తెచ్చుకుంటుంది. ఇక ఆ సమ్మె ఎవరికి తగులుతుంది?

లేత్‌మనిషి:
నీ మాటే నా మాట. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఈ నోటీసు నిబంధన రైల్వే, కరెంటు, నీళ్ల లాంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని అన్ని పరిశ్రమలకూ చుట్టింది. ప్రభుత్వ అధికారి దగ్గర రాజీ చర్చలు మొదలైతే అవి నడిచినన్నాళ్లూ, ముగిశాక ఇంకో 7 రోజులూ సమ్మె చేయకూడదు. పోనీ అందరం ఒకే రోజు క్యాజువల్ లీవు పెడదామా అంటే, సగం మంది పెడితే అదీ సమ్మె కిందే లెక్క. ఇన్ని గడువులు దాటేసరికి మనిషిలో కోపం చల్లారిపోతుంది.

నల్లకోటు:
కోడ్ మీద మీ కోపం న్యాయమే. కానీ నోటీసు లేకుండా దిగితే ఏమవుతుందో కూడా చూడండి. కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ. ఉసిగొల్పిన వాళ్లకు జరిమానా 50,000 దాకా. పది మందో అంతకు మించో కలిసి ఉద్యోగ ఒప్పందంలో ఉన్న నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే 8 రోజుల వరకు జీతం కోయొచ్చు.

నన్ను అడిగితే జరిమానా కంటే యాజమాన్యం ఇచ్చే చార్జిషీటే ప్రమాదం. 'చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్నాడు' అన్న ఒక్క ఆరోపణతో విచారణ మొదలవుతుంది. సమ్మె రోజుల జీతం అడగాలన్నా ఆ సమ్మె చట్టబద్ధమూ, న్యాయసమ్మతమూ రెండూ అయ్యుండాలని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది.

యూనియన్‌కు ఉన్న రక్షణ కూడా ఊరికే రాలేదు. 1920ల మొదట్లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల యాజమాన్యం అక్కడి కార్మిక సంఘం నాయకుడు బి.పి. వాడియా మీద హైకోర్టుకెళ్లి ఇంజంక్షన్ (ఆపమన్న ఉత్తర్వు) తెచ్చుకుంది. ఆ దెబ్బ తర్వాతే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సమ్మెకు పిలిచి ఉద్యోగ ఒప్పందం తప్పేలా చేశారన్న ఒక్క కారణంతో యూనియన్ మీద దావా చెల్లదంది. అదీ రిజిస్టర్ అయిన యూనియన్‌కే.

రాత్రిషిఫ్టు:
సార్, మాది ఫర్నేసు. మంట మీద ఉండగా వదిలేసి బయటికొస్తే?

నల్లకోటు:
అది మాత్రం వద్దు. అమెరికాలో 2017లో కాంక్రీటు లారీల డ్రైవర్లు సమ్మెకు దిగారు. కలిపిన కాంక్రీటు డ్రమ్ముల్లో ఉండగానే లారీలు తెచ్చి కంపెనీలో వదిలేశారు. కొందరు డ్రమ్ములు తిరుగుతూనే ఉంచారు. కంపెనీ దాన్ని హడావుడిగా దింపుకోవాల్సి వచ్చింది, సరుకంతా దండగైంది. ముందు జాగ్రత్త తీసుకోలేదు కాబట్టి కంపెనీ వేసే నష్టపరిహారం దావాకు, సమ్మె హక్కును కాపాడే సమాఖ్య (కేంద్ర) కార్మిక చట్టం అడ్డురాదని అక్కడి సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అక్కడి తీర్పు ఇక్కడ చెల్లదు గానీ, పని ఆపడం వేరు, యంత్రం పాడయ్యేలా వదిలెయ్యడం వేరు అన్న తేడా ఎక్కడైనా అడుగుతారు.

పాతకార్యదర్శి:
నేను పనిచేసిన చోట ఒకసారి నోటీసు లేకుండానే దిగాం. మూడో రోజుకే యాజమాన్యం మాటలకొచ్చింది, గెలిచామనుకున్నాం. పర్మినెంటు వాళ్లందర్నీ తీసుకున్నారు. మాతో పాటు బయట కూర్చున్న కాంట్రాక్టు పిల్లల్ని మాత్రం 'రేపట్నుంచి రావద్దు' అన్నారు. ఒక కాగితం లేదు, ఒక విచారణ లేదు. వాళ్లలో ఒకడు తన గేటు పాసు నా చేతిలో పెట్టి, 'అన్నా, నోటీసు సంగతి మాకెందుకు చెప్పలేదు?' అన్నాడు. ఆ పాసు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

లేత్‌మనిషి, నోటీసుతో పదును కొంత తగ్గుతుంది, కాదనను. కానీ నోటీసు లేని సమ్మెలో ఆ పదును ముందు తగిలేది మనలో అందరికన్నా బలహీనుడికి.

లేత్‌మనిషి:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదన్నా. నిబంధన అన్యాయం అన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను.

రాత్రిషిఫ్టు:
మా షిఫ్టులో 19 మంది కాంట్రాక్టు వాళ్లున్నారు. యూనియన్ మీటింగుకు వాళ్లనెప్పుడూ పిలవలేదు. ఈసారి ఓటుకు ముందే వాళ్లను కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపిస్తాను. నోటీసు కాగితం ఆ తర్వాతే రాస్తాం.