ఫ్రెంచ్ ప్రెస్‌లో ఫిల్టర్ పొడి వేస్తే మడ్డి, చేదు, కడ్డీ బిగుసుకుపోవడం: ఏం మార్చాలి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

600 మి.లీ. గాజు ఫ్రెంచ్ ప్రెస్ (కాఫీపొడి వేడినీళ్లలో నానాక, కడ్డీకి ఉన్న జాలీని కిందికి నొక్కి వడగట్టే గిన్నె). వేసే పొడి స్టీల్ ఫిల్టర్ కోసం కొన్నదే, 70 పాళ్లు కాఫీ, 30 పాళ్లు చికోరి. నాలుగు పెద్ద చెంచాలు వేసి, కుతకుతా మరిగే నీళ్లు నిండా పోసి, ఐదు నిమిషాలు మూత పెట్టి నొక్కుతున్నా. కడ్డీ సగం దిగి బిగుసుకుపోతుంది, బలం పెడితే పక్క నుంచి వేడి నీళ్లు చిమ్ముతున్నాయి. గ్లాసు అడుగున వేలెడు మడ్డి. తాగితే చేదు, పాలు కలిపితే మళ్లీ నీళ్లనీళ్లగా ఉంటుంది. చేదూ పలచనా రెండూ ఒకేసారి ఎట్లా వస్తాయి?

ఇంట్లో ఇద్దరం, ఇద్దరికీ పాలకాఫీనే కావాలి. గింజలు తెచ్చుకుంటే ఆడించడానికి మిక్సీ తప్ప ఏమీ లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లబండ (కడప)

ముందు బలంగా నొక్కడం ఆపన్నా. బిగుసుకున్న కడ్డీ మీద బరువు వేస్తే గాజు పగలొచ్చు, లేదంటే జాలీ ఒక పక్కకి ఒరిగి మరిగే నీళ్లు చేతి మీదికి వస్తాయి. బిగిసినప్పుడు అంగుళం పైకి లాగి, పది సెకన్లు ఆగి, మళ్లీ మెల్లగా దించాలి. అది ఆ పూటకి గట్టెక్కడానికే. అసలు తంటా పొడిలో ఉంది.

స్టీల్ ఫిల్టర్‌లో నీళ్లు పొడి పొరలోంచి బొట్టుబొట్టుగా దిగుతాయి, కింది పొడే పై పొడికి వడపోత. అందుకే అక్కడ సన్నపొడి నడుస్తుంది. ప్రెస్‌లో పొడంతా నీళ్లలో తేలుతూ నానుతుంది, దాన్ని ఆపడానికి జాలీ ఒక్కటే దిక్కు. సన్నపొడిలో కొంత జాలీ కళ్లలోంచి జారి గ్లాసులోకి పోతుంది, మిగతాది ఆ కళ్లనే మూసేస్తుంది. మడ్డీ, బిగుసుకోవడం రెండూ దీనివల్లే.

చికోరి దీనికి తోడు. అది గింజ కాదు, వేయించి పొడి చేసిన వేరు. కాఫీ గింజలో నీళ్లకి కరిగేది గట్టిగా పిండినా నూటికి 30 పాళ్లే, చికోరిలో సగానికి పైగా కరిగిపోతుంది. డికాక్షన్‌కి ఆ నలుపూ చిక్కదనమూ చాలావరకు దానివే. కరగగా మిగిలిన చికోరి పిప్పి మెత్తబడి బంకలాగా జాలీకి పట్టుకుంటుంది. ప్రెస్‌కి చికోరి కలవని కాఫీయే కొనండి. ప్యాకెట్ మీద పాళ్లు అచ్చు వేయాలని మన దేశంలో నిబంధన ఉంది, కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ఆ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చూడాలి.

ఇంక చేదూ పలచనా సంగతి. నాలుగు చెంచాలంటే తలగొట్టి వేస్తే 24 గ్రాములు వస్తుంది. 600 మి.లీ.కి అది 1కి 25, అంటే ఒక పాలు పొడికి 25 పాళ్ల నీళ్లు. ఉండాల్సింది 1కి 15. కొంచెం పొడిని ఎక్కువ నీళ్లు పిండేస్తున్నాయి, అదీ సన్నపొడి కాబట్టి చివర దిగాల్సిన చేదు, వగరు కూడా దిగిపోతున్నాయి. పొడి తక్కువైనందుకు పలచన, సన్నమైనందుకు చేదు. రెండూ వేర్వేరు తప్పులు, ఒకే గ్లాసులో కలిశాయి అంతే.

ముందు పాలు లేకుండా ఒకసారి సరిగ్గా కుదుర్చుకోండి, తర్వాత పాలకి వెళ్లొచ్చు. వేడి నీళ్లతో గాజుగిన్నె తొలిచి పారబోయండి. లావుగా ఆడించిన పొడి 30 గ్రాములు తూచి వేయండి. చెంచా కొలత నమ్మొద్దు, ఒక్కో గ్రైండుకీ బరువు మారుతుంది, వంటింటి ఎలక్ట్రానిక్ తూకం కొనుక్కోండి. పొయ్యి ఆపి అర నిమిషం ఆగాక నీళ్లు మొత్తం 450 మి.లీ. పోయాలి. మొదట 60 మి.లీ. పోసి పొడంతా తడిసేలా చెక్క చెంచాతో కలిపి అర నిమిషం ఆగండి. కొత్తగా వేయించిన కాఫీ అయితే ఉబ్బి బుడగలు వస్తాయి. ఏ కదలికా లేకుంటే పొడి పాతదని అర్థం, దానికి పద్ధతి ఏదైనా ఒకటే. తర్వాత మిగతా నీళ్లు పోసి, కడ్డీ పైకే ఉంచి మూత పెట్టండి.

నాలుగు నిమిషాలకు మూత తీస్తే పైన తెట్టు కట్టి ఉంటుంది. చెంచాతో మూడుసార్లు తిప్పితే పొడి చాలావరకు అడుక్కి దిగుతుంది. పైన మిగిలిన నురగ తీసి పారేసి, ఇంకో రెండు నిమిషాలు కదిలించకుండా వదిలేయండి. అప్పుడు కడ్డీ దించండి. ఇరవై సెకన్లు పట్టేంత మెల్లగా దించి, పిప్పికి వేలెడు ఎత్తులో ఆపేయాలి. పిప్పిని అదిమి పిండితే మడ్డి మళ్లీ లేస్తుంది. వెంటనే మొత్తం వంచేసుకోండి. ప్రెస్‌లోనే ఉంచి రెండోసారికి దాచితే పొడి నానుతూనే ఉంటుంది, చేదెక్కుతుంది. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి చేతికొచ్చేది 390 మి.లీ. దాకా. ఆఖరి రెండు గుక్కలు వదిలేయండి.

పెన్నా ఇసుక (తాడిపత్రి)

పై లెక్క సరైందే. మిక్సీ సంగతి చెప్తా.

చట్నీ జారులో ఒకసారికి 30, 40 గ్రాముల గింజలు మించకుండా వేసి, ఒక్క సెకను తిప్పి ఆపండి. జారు ఊపి మళ్లీ ఒక సెకను. అట్లా ఎనిమిది నుంచి పది సార్లు. ఆపకుండా తిప్పితే అడుగున పిండి, పైన పగలని గింజలు, జారు కూడా వేడెక్కి వాసన పోతుంది. బొంబాయి రవ్వ కంటే లావు, సంగటిలో వేసే నూకల కంటే కొంచెం సన్నం, అదీ గురుతు. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా విడివిడిగా ఉండాలి, వేలికి అంటుకోకూడదు.

మిక్సీ బ్లేడు కొడుతుంది, నలపదు. కాబట్టి ఎంత జాగ్రత్త పడినా కొంత పిండి తప్పదు. దాన్ని పిండి జల్లెడలో జల్లించి తీసేయండి. కింద పడిన సన్నపొడి స్టీల్ ఫిల్టర్‌కి పనికొస్తుంది. తూకం జల్లించాక వేయాలి, ముందు కాదు, లేకుంటే మళ్లీ పలచనవుతుంది. రోజూ తాగేటట్టైతే చేత్తో తిప్పే బర్ గ్రైండర్ ఒకటి తెచ్చుకోవడం నయం, రెండు పళ్లచక్రాల మధ్య గింజ ఒకే లావుకి నలుగుతుంది. కొట్లోనే ఆడిస్తామంటే "ఫ్రెంచ్ ప్రెస్‌కి, లావుగా" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకుంటే మరలో ఫిల్టర్ కొలతే ఉంటుంది. అట్లా ఆడించింది రెండు వారాలకి సరిపడానే తెచ్చుకోండి.

గింజ ఏదైనా పరవాలేదు, అరకు అరబికా కానీ చిక్కమగళూరు ప్లాంటేషన్ (కడిగి ఆరబెట్టిన అరబికా) కానీ, మధ్యరకం వేపుడు. రొబస్టా (చేదు ఎక్కువుండే కాఫీ రకం) ఎక్కువైతే ప్రెస్‌లో చేదు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నల్లగా, నూనె తేలేంత వేపిన గింజలైతే నీళ్లు అర నిమిషం కాదు, రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. మన జిల్లాల్లో సగం కాఫీ నీళ్ల దగ్గరే చెడుతుంది. కెటిల్ లోపల తెల్లపొర కడుతుంటే ఆ బోరునీళ్లలో సున్నం, బైకార్బనేట్ ఎక్కువున్నట్టు. అవి కాఫీలోని సన్నని పులుపుని చంపేసి చప్పగా, సుద్ద తిన్నట్టు చేస్తాయి. అట్లాగని ఆర్‌ఓ నీళ్లు మరీ 20, 30 టీడీఎస్‌కి (లీటరు నీళ్లలో కరిగిన లవణాల మిల్లీగ్రాములు) దించేసినా కాఫీ సరిగ్గా దిగదు, డొల్లగా ఉంటుంది. 75 నుంచి 250 మధ్య ఉంటే చాలు, 150 దగ్గర మేలు. తుంగభద్ర నీళ్లు కుళాయికి వచ్చే ఇల్లైతే వాటిని వడగట్టి, ఆర్‌ఓ నీళ్లతో సగం సగం కలిపి టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. అనంతపురం వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు మాత్రం కలపొద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ రుచి కొంచెం తగ్గినా ఆర్‌ఓ నీళ్లే దిక్కు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

చాలా విషయాలు తెలిశాయి. రెండు మిగిలాయి. పాత పొడి ఇంకా అరకిలో ఉంది, పారేయబుద్ధి కాదు. ఇంకోటి, పాలకి కొలత ఎట్లా? పాలనే కాచి ప్రెస్‌లో పోయొచ్చా?

గుత్తి జంక్షన్ (అనంతపురం)

పాలు ప్రెస్‌లో పోయొద్దు. పాలలోని వెన్న, మాంసకృత్తులు జాలీకి పట్టి కళ్లు మూసేస్తాయి, కడిగినా ఒక పట్టాన పోవు, మర్నాటికి పులిసిన వాసన. పైగా పాలలో కాఫీ నీళ్లలో దిగినంత బాగా దిగదు.

డికాక్షన్ అలవాటు ఉన్నవాళ్లకి ఇక్కడే లెక్క తప్పుతుంది. స్టీల్ ఫిల్టర్‌లో 20 గ్రాములకి వచ్చేది ఒక చిన్న గ్లాసు డికాక్షన్, అది సారం. 1కి 15 ప్రెస్ కాఫీ నేరుగా తాగడానికి చేసింది. దాన్ని డికాక్షన్ అనుకుని పాలు పోస్తే పలచన కాక ఏమవుతుంది? పాలకాఫీకి 1కి 8 పెట్టండి. లావు పొడి 40 గ్రాములు, నీళ్లు 320 మి.లీ., నాలుగు బదులు ఆరు నిమిషాలు. 240 మి.లీ. చేతికొస్తుంది, ఇద్దరికీ తలా 120. ఒక్కో గ్లాసులో చిక్కని పాలు 60 నుంచి 80 మి.లీ. విడిగా పొంగించి, మీగడ పక్కకి తోసి కలపండి. గేదెపాలైతే 60 చాలు. అవే నీళ్లకి పొడి ఖర్చు దాదాపు రెండింతలవుతుంది, అది ముందే తెలుసుకోండి. పాలకాఫీ తప్ప వేరేది తాగని ఇంట్లో స్టీల్ ఫిల్టరే మేలని నా లెక్క. ప్రెస్ నల్లకాఫీకి పుట్టిన సామాను.

పాత పొడిని ఫిల్టర్‌లోనే వాడుకోండి. ప్రెస్‌లోనే కావాలంటే 25 గ్రాములకి 200 మి.లీ. నీళ్లు, మూడే నిమిషాలు, నొక్కకుండా తేటని పలచని నూలుగుడ్డలోంచి వంచుకోండి. వెనకటి గుడ్డకాఫీయే ఇది. నల్లబండ ఒప్పుకోడేమో కానీ తాగేటట్టే ఉంటుంది.

నల్లబండ (కడప)

ఒప్పుకుంటా, కాకపోతే దానికి ప్రెస్ ఎందుకప్పా, చెంబు చాలు కదా.

నొక్కకపోవడం మాత్రం తప్పు కాదు. 2007లో ప్రపంచ బరిస్టా (కాఫీ తయారుచేసేవాళ్ల) పోటీ గెలిచిన జేమ్స్ హాఫ్‌మన్ చెప్పే పద్ధతిలో అసలు నొక్కుడే లేదు. నాలుగు నిమిషాలకి తెట్టు కలిపి, నురగ తీసి, మరో ఐదు నిమిషాలకి తక్కువ కాకుండా తేరనివ్వడం, జాలీని పైతట్టుకి ఆనించి దానిలోంచే వంచుకోవడం. మడ్డి బాగా తగ్గుతుంది. వేడి మాత్రం తగ్గుతుంది, పొగలు కక్కే కాఫీ కావాలనే ఇంట్లో నడవదు. నేను రెండు నిమిషాలన్నది ఆ వేడి కోసమే.

పెన్నా ఇసుక (తాడిపత్రి)

జాలీ కూడా ఒకసారి విప్పి చూడండి. సగం మంది కడగడానికి విప్పి తిరగేసి బిగిస్తారు. కడ్డీకి మొదట చుట్టుస్ప్రింగు ఉన్న పళ్లెం, దాని కింద జాలీ, అన్నిటికన్నా కింద మరతో బిగించే కన్నాల పళ్లెం. జాలీ అంచు పైకి లేచి స్ప్రింగుని చుట్టుకుని ఉండాలి. అంచు నలిగినా, తీగ లేచినా ఆ సందులోంచి పొడి పైకి వస్తుంది. అప్పుడు పొడి ఎంత లావున్నా లాభం లేదు. జాలీ విడిగా దొరుకుతుంది, మీ గిన్నె లోపలి వ్యాసం కొలిచి కొనండి.

రోజూ ఊరికే నీళ్లతో తొలిస్తే చాలదు. కాఫీ నూనె జాలీ మడతల్లో నిలిచి ముక్కిన వాసన పడుతుంది. వారానికి ఒకసారైనా మూడు ముక్కలూ విప్పి సబ్బుతో తోమాలి. సున్నపుపొర కడితే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం పిండి అరగంట నానబెట్టండి. పిప్పి సింకులో పోయొద్దు, గొట్టంలో గడ్డకడుతుంది, మొక్కల మొదట్లో చల్లండి.

ఇంకో మాట, వంటింట్లో కడపబండ మీద వేడి గాజుగిన్నె నేరుగా పెట్టొద్దు. బండ తడిగా, చల్లగా ఉంటే గాజు చిట్లుతుంది, చిట్లకున్నా వేడంతా లాగేస్తుంది. కింద చెక్కముక్కో మడతపెట్టిన గుడ్డో ఉండాలి.

గుత్తి జంక్షన్ (అనంతపురం)

కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు ఇంట్లో ఉంటే: కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనేది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం వడపోత దాన్ని ఆపుతుంది, స్టీల్ జాలీ ఆపదు. వాళ్లకి రోజూ ప్రెస్ కాఫీ వద్దు. పెట్టాలంటే కాగితం ఫిల్టర్‌లోంచి ఇంకోసారి వడగట్టి ఇవ్వండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

ఎండాకాలం చల్లకాఫీకి కూడా ఈ ప్రెస్ పనికొస్తుందా? రాత్రి గట్టు మీద పెట్టి పొద్దున వడగడితే చాలంటున్నారు.

నల్లబండ (కడప)

పనికొస్తుంది, అన్నిటికన్నా సులువు కూడా. కానీ గట్టు మీద పెట్టమన్న మాట చల్లని ఊళ్లకి. మే నెలలో మన వంటిళ్లు రాత్రి కూడా చల్లబడవు, పన్నెండు గంటలు బయట నానితే పులుపు వాసన వేస్తుంది. అదే లావు పొడి 60 గ్రాములు, చల్లని మంచినీళ్లు 480 మి.లీ., బాగా కలిపి ఫ్రిజ్‌లో 14 నుంచి 16 గంటలు. కడ్డీని జాలీ నీళ్ల పైతట్టుని తాకేదాకా దించి ఉంచితే పొడి తేలి ఎండిపోకుండా ఉంటుంది. తీశాక మెల్లగా దించి, ఇంకో సీసాలోకి వంచేసుకోండి. దానికి సమానంగా చల్లని నీళ్లో పాలో కలిపి తాగొచ్చు. సీసా మూత బిర్రుగా బిగించి ఫ్రిజ్‌లోనే పెట్టి మూడు రోజుల్లో అవగొట్టండి.