‘పైసవా బైరీ నా’: ఆ చివరి ‘నా’ సంగతి

ప్రశ్న: భోజ్‌పురీ జానపదం ఒకటి. “రేలియా న బైరీ, జహజియా న బైరీ, పైసవా బైరీ నా.” దీనికి ‘రైలు శత్రువు కాదు, ఓడ శత్రువు కాదు, డబ్బు శత్రువు కాదు’ అని తెలుగు చేయగా చూశాను. మూడూ కాకపోతే మరి శత్రువెవరు? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: ఆ అనువాదం తప్పండి. పాట ప్రాణమే పోయింది అందులో. మొదటి రెండు ‘న’లు ‘బైరీ’కి ముందు వచ్చాయి, అవి ‘కాదు’. చివరి ‘నా’ మాట పూర్తయ్యాక వచ్చింది, అది మన ‘గదా’ లాంటిది. పాడేటప్పుడు పాదాన్ని నిలబెట్టే ఊతం కూడా. తర్వాతి పాదం వింటే సందేహమే ఉండదు: “దేసవా దేసవా భరమావే, ఉహే పైసవా బైరీ నా.” ‘ఉహే’ అంటే ‘అదే’. రైలూ కాదు, ఓడా కాదు, దేశాలు పట్టించి తిప్పే ఆ పైసే గదా శత్రువు అంటోంది.

అంటున్నది ఊళ్లో మిగిలిపోయిన భార్య. బిహార్‌లో సారణ్, సివాన్, భోజ్‌పూర్, అవతల యూపీలో బలియా, గాజీపూర్ వైపు మగవాళ్ళు కూలికి తూర్పుకు పోయేవారు. ‘పూరబ్’ అంటే వాళ్ళకు ముఖ్యంగా కలకత్తా, అక్కడి జూట్ మిల్లులు, ఇంకా ముందుకెళ్తే అస్సాం తేయాకు తోటలు, బర్మా. 1862 నాటికి హౌరా నుంచి ఆరా, బక్సర్ మీదుగా మొఘల్‌సరాయ్ దాకా రైలు పడింది. ఓడ కథ అంతకన్నా పాతది. 1834 నుంచి మారిషస్‌కు, 1845 నుంచి ట్రినిడాడ్‌కు, 1873 నుంచి సూరినామ్‌కు, 1879 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో ఈ జిల్లాలవాళ్ళు చాలామంది. ‘అగ్రిమెంట్’ వాళ్ళ నోట ‘గిరిమిట్’ అయింది, వాళ్ళు ‘గిరిమిటియా’లు అయ్యారు. కాబట్టి ‘జహజియా’ అన్నది ప్రాస కోసం తెచ్చి పెట్టిన మాట కాదు.

రైలునే శత్రువుగా తిట్టే పాట కూడా ఉంది: “రేలియా బైరన్ పియా కో లియే జాయ్ రే.” నా మొగుణ్ణి తీసుకుపోతోంది ఈ రైలు అని ఏడుపు. అవధీ సీమలోనూ పాడతారు దాన్ని. అందులో మొగుడు కొన్న టికెట్టు మీద వాన కురిసి అది కరిగిపోవాలని కోరుకుంటుంది! మీరు అడిగిన పాటలో ఆమె అక్కడ ఆగలేదు. తీసుకెళ్ళే బండిని వదిలేసి, బండి ఎక్కించినదాన్ని పట్టుకుంది. అనువాదంలో చివరి ‘నా’ను ‘కాదు’ చేస్తే పోయేది ఈ ఆలోచనే, అందుకే నాకు అంత బాధ.

మరో సభ్యురాలు: రేల్ సరే, ‘రేలియా’ ఎందుకు? పైసా ‘పైసవా’ ఎందుకయింది? ముద్దుగా పిలవడమా?

జవాబు: ముద్దు ఒక్కటే కాదమ్మా. భోజ్‌పురీలో నామవాచకానికి ఒక పొడుగు రూపం ఉంటుంది. ఘోడాకు ఘోడవా, ఇంకా సాగితే ఘోడవువా. 1880లలో బిహార్ భాషలకు వ్యాకరణాలు రాసిన గ్రియర్సన్ వీటిని వివరంగా నమోదు చేశాడు. ‘ఈ’తో ముగిసేవాటికీ, స్త్రీలింగాలకూ సాధారణంగా ‘ఇయా’, పుంలింగాలకు ‘వా’. బిదేసీ ‘బిదేసియా’ అయిందీ ఇలాగే. భిఖారీ ఠాకుర్ (1887–1971) నాటకం పేరు అదే కదా, కలకత్తా పోయి ఇంకో ఆడమనిషితో ఉండిపోయిన భర్త కథ.

ఈ రూపంతో వస్తువు ఎరిగినదవుతుంది. పైసా అంటే లోకంలో డబ్బు, పైసవా అంటే మనకు తెలిసిన ఆ డబ్బు. ప్రేమతోనూ అనొచ్చు, కసితోనూ అనొచ్చు. పరాయి మాటనూ ఇలాగే ఇంట్లోకి తెచ్చుకుంటారు. టికెట్‌ను ‘టికస్’ చేసి, పైన ‘వా’ తగిలించి ‘టికసవా’ అన్నారు. మనం ఉకారం చేర్చి టిక్కెట్టు చేసుకోలేదా!

ఇక బైరీ మన ‘వైరి’యే. వకారం బకారమైంది, విదేశీ బిదేసీ అయినట్టు. ‘భరమావే’ మాత్రం నాకు చాలా ఇష్టం. తిప్పడమూ అదే, భ్రమపెట్టడమూ అదే. మనకు భ్రమణం, భ్రమ వేరువేరు మాటలైపోయాయి గానీ ఆమెకు ఒక్క క్రియలో రెండూ ఉన్నాయి.

మొదటి సభ్యుడు: మరి తెలుగులో ఎలా రాద్దాం? ‘శత్రువు’ పుస్తకాల మాటలా ఉంది.

జవాబు: నిజమే, పాటకు అది బరువు. ‘పగ’ వాడదాం:

రైలు కాదే పగ, ఓడ కాదే పగ, ఆ పైసే గదా పగ
దేశదేశాలు తిప్పి భ్రమపెట్టే ఆ పైసే గదా పగ

‘భరమావే’కు రెండు క్రియలు పడ్డాయి, ఒక్కటితో కుదిరించగలిగినవాళ్ళు రాయండి. శ్రీకాకుళం, విశాఖ వైపు సభ్యులకు ఒక మనవి. బర్మాకు కూలికి పోవడాన్ని మనవాళ్ళు ‘రంగం పోవడం’ అనేవారు. రంగం పోయినవాడి గురించి ఇంట్లో ఆడవాళ్ళు పాడిన పాట మీ ఇళ్ళలో ఎవరికైనా గుర్తుంటే, ఉన్నది ఉన్నట్టు, యాస మార్చకుండా ఇక్కడ పెట్టండి.