సంఘం రేడియో అసలు ఎప్పుడు మొదలైంది?

ప్రశ్న:
జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లోని సంఘం రేడియో 2008లో మొదలైందని చదివాను. మా మేనత్త మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఊరి సంఘం సమావేశంలో ఆ రేడియో కార్యక్రమాలు విన్నానని గట్టిగా చెబుతున్నారు. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
మీ మేనత్తగారి మాట నిజమేనండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన ఊరి సంఘాల మహిళల కోసం యునెస్కో సహాయంతో అక్కడ స్టూడియో 1990ల చివర్లోనే ఏర్పడింది, కానీ గాలిలోకి ప్రసారం చేయడానికి లైసెన్సు లేదు. అందువల్ల వారు కార్యక్రమాలను రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊళ్ళకు తీసుకువెళ్ళి సంఘం సమావేశాలలో టేప్‌రికార్డరు మీద వినిపించేవారు. మీ మేనత్తగారు విన్నది అదే అయి ఉంటుంది.

లైసెన్సు ఆలస్యం కావడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. క్రికెట్ ప్రసార హక్కుల వివాదంలో 1995లో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చినా, సామాజిక రేడియోను, అంటే స్థానికులు తమ కోసం నడుపుకునే రేడియోను, ముందుగా విద్యాసంస్థలకే అనుమతించి, స్వచ్ఛంద సంస్థలకు 2006 చివరలో గానీ తలుపు తెరవలేదు. చివరకు 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినోత్సవం నాడు, సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం ప్రారంభించింది. ఆ కేంద్రాన్ని ప్రారంభించినవారు 1995 నాటి తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ గారే.

రెండవ జవాబు:
హైదరాబాదులో ఇది ఎందుకు రాదని కొందరు అడుగుతుంటారు. సామాజిక రేడియోకు సాధారణంగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లే కనుక, చుట్టుపక్కల పల్లెలు దాటి అది వినపడదు.

మూడవ జవాబు:
సంవత్సరం కన్నా గొంతు గురించి చెప్పాలనిపిస్తోంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు ఈ కేంద్రాన్ని నడిపారు. పుస్తకాల భాష కాక తమ ఊళ్ళ మాటలోనే మాట్లాడారు. నేను విన్న ఒక కార్యక్రమంలో ఒక పెద్దావిడ జొన్నచేనులో కంది సాళ్ళు ఎన్నింటికి ఒకటి వేయాలో చెబుతూ, లెక్క తప్పిందని గుర్తించి, మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఆమె ఆగిన చోటును కత్తిరించకుండా అలాగే వినిపించారు.