కృష్ణమ్మ పుట్టిన చోటికి అమ్మను తీసుకపోవాలె, వెళ్లొచ్చినవాళ్లు కొంచెం చెప్పండి

మాది గద్వాల. 2016 పుష్కరాలకు బీచుపల్లిలో మునిగినప్పటి నుంచి అమ్మది ఒకటే మాట: "ఈ తల్లి పుట్టిన జాగ ఒక్కసారి చూపియ్ బిడ్డా." పాత మహాబలేశ్వర్‌లో పంచగంగ గుడి ఉంది, రాతి ఆవు నోట్లోంచి కృష్ణ, కోయనా, వెణ్ణా, సావిత్రి, గాయత్రి ఐదూ కలిసి ధారగా పడతాయని చెప్పానో లేదో, ఇత్తడి చెంబు చింతపండేసి తోమి సంచిలో పెట్టేసింది! తేదీ మాత్రం నేను తేల్చాలట.

రాయచూరులో రైలెక్కి పుణెలో దిగుతాం. అక్కడి నుంచి దాదాపు 120 కిలోమీటర్లు, చివర్లో అంతా ఘాట్ రోడ్డు. అమ్మకు బస్సు పడదు, కారు మాట్లాడుకోవాలా? మోకాళ్ల నొప్పులు కూడా. పంచగంగ గుడికి దగ్గర్లోనే ఉన్న కృష్ణాబాయి అనే పాత గుడి దాకా నడవగలదా? వానాకాలం వద్దనుకున్నాం, కార్తీకంలో రద్దీ ఎట్లుంటది? అన్నిటికన్నా, ఆ నీళ్లు చెంబులో పట్టుకోనిస్తారా? తెచ్చి బీచుపల్లిలో కలపాలట.