పీఎస్ పోర్టల్ రాత్రిపూట మధ్యలో తెగిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

నిజాంపేట_ప్లేయర్
అందరికీ నమస్తే. పిచ్చెక్కిపోతోంది నాకు. ప్లేస్టేషన్ పోర్టల్ కొన్నాను, అదే, పీఎస్5 కన్సోల్‌లో నడిచే గేమ్‌ని వైఫై మీద చేతిలో పట్టుకుని ఆడే తెర. బాగానే ఆడుతూ ఉంటుంది, ఉన్నట్టుండి తెర నల్లగా అయిపోయి కనెక్షన్ పోయిందని వస్తుంది. పగలు ఎప్పుడూ ఇలా కాదు, రాత్రే. సాయంత్రం నుంచి దీని మీదే కూర్చున్నాను. రూటర్ రీస్టార్ట్ చేశాను, పోర్టల్ రీసెట్ చేశాను, పీఎస్5 అప్‌డేట్ చేశాను. నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే మా వైపు అంతా బాగానే ఉందంటున్నారు. స్పీడ్ టెస్ట్‌లో 200 ఎంబీపీఎస్ చూపిస్తోంది. ఇంకేం చెయ్యాలి? దాదాపు 19 వేలు పెట్టాను. వాపస్ ఇచ్చే గడువు దగ్గర పడుతోంది, దాంతో ఇంకా టెన్షన్.

లాన్_కేబుల్
ముందు ఆ స్పీడ్ టెస్ట్‌ని పక్కన పెట్టండి. ఆ 200 బయటి నుంచి మీ ఇంటికి వచ్చే నెట్ వేగం. మీరు ఇంట్లోనే కూర్చుని ఆడుతున్నప్పుడు గేమ్ వీడియో ఇల్లు దాటి బయటికి పోదు. పీఎస్5 ఆ బొమ్మని కుదించి రూటర్‌కి పంపుతుంది, రూటర్ పోర్టల్‌కి పంపుతుంది. మీరు బటన్ నొక్కితే ఆ సమాచారం అదే దారిలో వెనక్కి వెళ్తుంది. సోనీ చెప్పే లెక్క కనీసం 5 ఎంబీపీఎస్, హాయిగా ఆడాలంటే 15. అంటే వేగం మీకు కావలసినదానికంటే చాలా ఎక్కువే ఉంది. చూడాల్సింది ఆ వేగం నిలకడగా ఉందా లేదా అని.

మీ పీఎస్5 రూటర్‌కి వైరుతో కలిసి ఉందా, వైఫై మీద ఉందా? వైఫై మీద ఉంటే ఒకే బొమ్మ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తోంది, ఒకసారి రూటర్ దాకా, మళ్లీ అక్కణ్నుంచి మీ చేతిలోకి. మామూలు క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు ఒకటి కొని పీఎస్5కి గుచ్చితే సగం గొడవ అక్కడే పోతుంది. ఇక రూటర్‌లో ఉండే రెండు వైఫై బ్యాండ్లలో పోర్టల్‌ని 5 గిగాహెర్ట్జ్ మీదే పెట్టండి. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోదగ్గ చానెళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో రాత్రి ఎనిమిది దాటితే అందరూ ఇళ్లకి చేరతారు, పదుల కొద్దీ రూటర్లు ఆ మూడు చానెళ్ల మీదే పడతాయి. రాత్రే తెగుతోందంటే నా అనుమానం అదే.

సర్వీస్_బెంచ్
తెగిన తర్వాత పీఎస్5 లైటు ఏ రంగు?

పాత_వీటా
మీ సమస్యకి నా సానుభూతి. కానీ ఈ వస్తువు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొనేముందు చాలామంది ఇది ఆలోచించడం లేదు. పోర్టల్‌లో ఒక్క గేమ్ కూడా ఇన్‌స్టాల్ కాదు. ఎనిమిది అంగుళాల తెర, దానికి రెండు పక్కలా పీఎస్5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్ రెండు ముక్కలు, లోపల వైఫై. అంతే. 2013లో పీఎస్4 వచ్చిన రోజుల్లోనే మేము సోనీ పాత చేతి గేమ్ యంత్రం వీటాలో ఇదే పని చేశాం. హాల్లో పీఎస్4, పడకగదిలో వీటా. తేడా ఏంటంటే రైల్లో వెళ్లేటప్పుడు వీటాలో దాని సొంత గేమ్‌లు ఉండేవి. 2012లో నింటెండో వీయూ కన్సోల్ కూడా చేతిలో తెర పెట్టింది. ఇంట్లో కన్సోల్ నుంచి కాస్త దూరం పోతే అది పనిచేసేది కాదు, జనం దాన్ని పెద్దగా ఆదరించలేదు. 2017లో స్విచ్ వచ్చి కన్సోల్‌నే చేతిలో పెట్టేసింది, ఎలా అమ్ముడైందో అందరికీ తెలుసు. జనానికి కావలసింది బయటికి పట్టుకెళ్లే గేమింగ్. నా వీటా ఇప్పటికీ పనిచేస్తోంది. వీటాకి వారసుడు రావాల్సిన చోట ఈ తెర వచ్చిందని నాకు నిజంగా బాధగా ఉంది.

నిజాంపేట_ప్లేయర్
@లాన్_కేబుల్ అన్నా, వైరు పెట్టే ఉంది. రూటర్ టీవీ పక్కనే, పీఎస్5 కూడా అక్కడే. పోర్టల్ 5 గిగాహెర్ట్జ్ మీదే ఉంది. నా గది పక్కనే, మధ్యలో ఒక్క గోడ.

లాన్_కేబుల్
అయితే రూటర్ ఏ మోడల్? ఫైబర్ వాళ్లు ఇచ్చిన డబ్బానా? రూటర్ టీవీ వెనక ఇరుక్కుని ఉంటే కూడా సిగ్నల్ దెబ్బతింటుంది. వెనక పెద్ద లోహపు రేకు ఉంటుంది కదా. బయటికి తీసి కాస్త ఎత్తులో పెట్టండి. ఇంకోటి, రూటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే పోర్టల్ దానంతటదే 2.4కి జారిపోవచ్చు. రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టండి.

వరంగల్_కుర్రాడు
సందట్లో ఒక డౌట్. నేను హాస్టల్‌లో ఉంటాను, పీఎస్5 ఇంట్లో ఉంది. పోర్టల్ కొంటే హాస్టల్ నుంచి ఆడొచ్చా? క్లౌడ్ గేమింగ్ అంటున్నారు కదా.

ఫ్రిస్కో_తెలుగు
తమ్ముడూ, రెండూ కలిపేయొద్దు. పీఎస్5 నీ ఇంట్లో నడుస్తూ బొమ్మ నీకు పంపితే అది రిమోట్ ప్లే. సోనీ సర్వర్ మీద గేమ్ నడిస్తే అది క్లౌడ్. మాకు ఇక్కడ అమెరికాలో సోనీ చందా పీఎస్ ప్లస్‌లో ప్రీమియం రకం ఉంటే పోర్టల్‌లో క్లౌడ్ కూడా వస్తుంది. 2024 నవంబర్‌లో బీటాగా మొదలైంది, 2025 నవంబర్‌లో పూర్తిగా ఇచ్చారు. అప్పుడు ఇంట్లో పీఎస్5 ఆఫ్‌లో ఉన్నా ఆడుకోవచ్చు. ఇండియాలో ప్రీమియం లేదు, దాని బదులు డీలక్స్ ఉంది, అందులో క్లౌడ్ రాదు. కాబట్టి నీకు రిమోట్ ప్లే ఒక్కటే దారి. ఇంట్లో పీఎస్5 రెస్ట్ మోడ్‌లో, అంటే పూర్తిగా ఆపకుండా నిద్రలో ఉండాలి, ఇంట్లో నెట్ ఉండాలి, కరెంటు ఉండాలి. హాస్టల్ వైఫైలో లాగిన్ పేజీ ఉంటే అదొక అడ్డంకి. 2024లో అప్‌డేట్ ఇచ్చాక పోర్టల్ అలాంటి పేజీలని ఫోన్‌లో క్యూఆర్ స్కాన్ చేసి దాటగలుగుతోంది, కానీ చాలా హాస్టల్ నెట్‌లు అసలు ఈ రకం ట్రాఫిక్‌నే ఆపేస్తాయి. ముందు ఫోన్‌లో పీఎస్ రిమోట్ ప్లే యాప్ వేసుకుని హాస్టల్ నుంచి ప్రయత్నించు. అది ఉచితం. అది బాగా నడిస్తే అప్పుడు కొను.

పాత_వీటా
నేను చెప్పేదీ అదే. ఫోన్‌లో ఉచితంగా వచ్చే పనికి ఇంత డబ్బు ఎందుకు? ఇంట్లో డ్యూయల్‌సెన్స్ ఎలాగూ ఉంటుంది. ఫోన్‌కి ఒక క్లిప్ పెట్టుకుంటే చాలు.

రాత్రి_షిఫ్ట్
నేను కొన్నాను, ఎందుకో చెప్తాను. నాది అమెరికా వాళ్లతో పని, రాత్రి షిఫ్ట్. పగలు మధ్యాహ్నం లేస్తాను. నాకు ఆడుకునే తీరిక దొరికే వేళకి మా అత్తగారు హాల్లో సీరియల్స్ చూస్తూ ఉంటారు. ఆవిడకి ఉన్న కాలక్షేపం అదొక్కటే, లేవండి నేను గేమ్ ఆడుకోవాలి అని నేను అనను, అనలేను. పోర్టల్ వచ్చాక ఆవిడ సీరియల్ ఆవిడ చూస్తున్నారు, నా గేమ్ నేను ఆడుకుంటున్నాను, ఇద్దరం అదే సోఫాలో కూర్చుంటాం. ఫోన్ క్లిప్ నేనూ వాడాను. ఆరంగుళాల తెర మీద సబ్‌టైటిల్స్ కనిపించవు, మధ్యలో ఆఫీసు కాల్ వస్తే గేమ్ పోతుంది, ఫోన్ వేడెక్కి బ్యాటరీ అయిపోతుంది. పోర్టల్‌లో ట్రిగ్గర్ నొక్కితే డ్యూయల్‌సెన్స్‌లో ఉన్న అదే బిగువు, అదే వణుకు. నాకు బయటికి పట్టుకెళ్లే పనే లేదు. ఇల్లు దాటకుండా టీవీ మాత్రం వదిలెయ్యాలి. ఒక్క టీవీ ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో చూడండి, ఇది ఎవరి కోసమో అర్థమవుతుంది.

పాత_వీటా
మీ ఇంటి పరిస్థితికి సరిపోయి ఉండొచ్చు, కాదనను. కానీ ముందు పీఎస్5 కొన్నవాళ్లలోనే దీన్ని కొనేవాళ్లు ఉండాలి. అంత డబ్బు పెట్టి కన్సోల్ కొన్నవాడు మళ్లీ ఇంకో 19 వేలు పెడతాడా? సొంతంగా పనిచేసే యంత్రం అయితే పీఎస్5 లేనివాడు కూడా కొంటాడు.

ఫ్రిస్కో_తెలుగు
2023 నవంబర్ 15న ఇక్కడ 200 డాలర్లకి అమ్మకానికి పెట్టినప్పుడు షాపుల్లో స్టాక్ నిలవలేదు, ఎక్కువ ధరకి తిరిగి అమ్మేవాళ్లు కూడా వచ్చారు. అప్పుడు క్లౌడ్ లేనే లేదు, రిమోట్ ప్లే ఒక్కటే. అదే ఏడాది మే నెలలో పోర్టల్‌ని ప్రాజెక్ట్ క్యూ అనే పేరుతో చూపించినప్పుడు అందరూ మీలాగే అన్నారు, దీన్ని ఎవరు కొంటారని. కొన్నది నాలాంటివాళ్లు. ముప్పై దాటి, పిల్లలు ఉండి, పెద్ద టీవీ ఉన్నా దాని ముందు కూర్చునే అవకాశం లేనివాళ్లు. పీఎస్5 మీద అంత డబ్బు పెట్టి అది దుమ్ము పట్టిపోతోందని బాధపడేవాళ్లకి ఇంకో 200 ఎక్కువ అనిపించదు.

సర్వీస్_బెంచ్
లైటు రంగు ఇంకా చెప్పలేదు.

నిజాంపేట_ప్లేయర్
సారీ, చర్చ ఎక్కడికో పోతోంది. రూటర్ టీవీ వెనక నుంచి తీసి పైన పెట్టాను, బ్యాండ్ల పేర్లు కూడా మార్చాను. ఇప్పుడే మళ్లీ తెగింది. లైటు ఆరెంజ్ కలర్‌లో ఉంది. మళ్లీ పోర్టల్ నుంచి కనెక్ట్ చేస్తే గేమ్ ఆగిన చోటి నుంచే వస్తోంది.

సర్వీస్_బెంచ్
ఆరెంజ్ అంటే రెస్ట్ మోడ్. మీ వైఫై తెగలేదు. పీఎస్5ని ఎవరో పడుకోబెడుతున్నారు.

లాన్_కేబుల్
రెస్ట్ మోడ్‌కి టైమర్ ఉంటుంది కదా, సెట్టింగ్స్‌లో పవర్ సేవింగ్ దగ్గర. అది తక్కువ సమయానికి పెట్టి ఉందేమో చూడండి.

సర్వీస్_బెంచ్
ఆడుతుండగా టైమర్ పనిచేయదు. కంట్రోలర్ ముట్టకుండా వదిలేస్తేనే.

నిజాంపేట_ప్లేయర్
నేనైతే ఆడుతూనే ఉన్నాను. పీఎస్5ని ఎవరూ ముట్టుకోలేదు, అమ్మా నాన్నా పడుకున్నారు. నాకు అర్థం కావట్లేదు. దీనికి తోడు టీవీ కూడా పాడైనట్టుంది, అర్ధరాత్రి దానంతటదే ఆన్ అవుతోందని అమ్మ భయపడుతోంది. మెకానిక్‌ని పిలవమంటోంది. అది వేరే గొడవ.

రాత్రి_షిఫ్ట్
ఆగండి, అది వేరే గొడవ కాదు! మీ అమ్మగారు టీవీ ఆపి పడుకునే వేళకే గేమ్ తెగుతోందా?

నిజాంపేట_ప్లేయర్
సుమారుగా అదే టైమ్. కానీ టీవీకీ పోర్టల్‌కీ ఏం సంబంధం అక్కా? టీవీలో వాళ్లు సెట్‌టాప్ బాక్స్ చూస్తారు. పీఎస్5 వేరే పోర్ట్‌లో ఉంది. రోజూ కూడా తెగదు, నాన్న ఆపిన రోజు బాగానే ఉంటుంది.

రాత్రి_షిఫ్ట్
నాన్నగారు గోడ స్విచ్ తీసేస్తారా?

నిజాంపేట_ప్లేయర్
అవును! మీకెలా తెలుసు?

సర్వీస్_బెంచ్
హెచ్‌డీఎమ్‌ఐ డివైస్ లింక్. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎమ్‌ఐ. పవర్ ఆఫ్ లింక్ ఆపండి. వన్ టచ్ ప్లే కూడా ఆపండి.

రాత్రి_షిఫ్ట్
కాస్త వివరంగా చెప్తాను. హెచ్‌డీఎమ్‌ఐ వైరులో బొమ్మే కాదు, ఒక వస్తువు ఇంకో వస్తువుకి ఆజ్ఞలు పంపే దారి కూడా ఉంటుంది. అమ్మ రిమోట్‌తో టీవీ ఆపినప్పుడు టీవీ తనకి తగిలించి ఉన్న అన్నింటికీ ఇక పడుకోండి అని చెప్తుంది. ఆ సమయానికి తెర మీద సెట్‌టాప్ బాక్స్ ఉన్నా సరే, పీఎస్5 ఆ మాట విని రెస్ట్ మోడ్‌లోకి పోతుంది. నాన్న గోడ దగ్గర స్విచ్ తీసేస్తే టీవీకి ఆ మాట చెప్పే అవకాశమే ఉండదు, అందుకే ఆ రోజు తెగదు. టీవీ ఆన్ అవడం దీనికి తిరగేసిన పని. మీరు పోర్టల్ నుంచి పీఎస్5ని లేపితే, వన్ టచ్ ప్లే ఆన్‌లో ఉన్నందువల్ల అది టీవీని కూడా లేపుతోంది. మా ఇంట్లో సీరియల్ మధ్యలో తెర మారిపోయి అత్తగారు కంగారుపడ్డారు, అప్పుడు వెతికితే తెలిసింది. టీవీ మెకానిక్‌ని పిలవొద్దు, అమ్మగారికి భయం లేదని చెప్పండి.

లాన్_కేబుల్
మంచి పాయింట్. కొందరు పీఎస్5లో ఈ పేరు వెతికి, టీవీలో మాత్రం మర్చిపోతారు. టీవీలో దీన్ని సీఈసీ అంటారు, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. టీవీ వైపు పూర్తిగా ఆపేస్తే సౌండ్‌బార్ ఉన్నవాళ్లకి రిమోట్‌తో వాల్యూమ్ మారదు. అందుకని పీఎస్5 వైపు ఆపడమే మేలు. అయినా వైరు, 5 గిగాహెర్ట్జ్ మాట మాత్రం అందరూ గుర్తుంచుకోండి, పోర్టల్ సమస్యల్లో ఎక్కువ భాగం అక్కడివే.

పాత_వీటా
వీటాలో ఈ తలనొప్పి ఉండేది కాదు.

ఫ్రిస్కో_తెలుగు
వీటా కూడా పీఎస్4కి కలిపినప్పుడు ఇదే పని చేసేది. పీఎస్4లోనూ డివైస్ లింక్ ఉంది.

పాత_వీటా
నేను చెప్పేది వీటాలో సొంత గేమ్ ఆడేటప్పుడు. దానికి టీవీతో పనే లేదు. అందుకే చేతిలో ఆడే యంత్రానికి దాని ప్రాసెసర్ దానికి ఉండాలంటున్నాను.

వరంగల్_కుర్రాడు
హాస్టల్‌లో యాప్ ప్రయత్నించాను, లాగిన్ అవుతోంది కానీ పీఎస్5 దొరకడం లేదంటోంది. ఇంట్లో అమ్మకి ఫోన్ చేసి అడిగితే ఏ లైటూ లేదంటోంది.

సర్వీస్_బెంచ్
పూర్తిగా ఆఫ్‌లో ఉంది. ఇంటికి వెళ్లినప్పుడు రెస్ట్ మోడ్‌లో పెట్టు. అందులో నెట్‌కి కలిసి ఉండటం, నెట్‌వర్క్ నుంచి ఆన్ చేయడం, ఈ రెండూ ఆన్ చెయ్యి.

వరంగల్_కుర్రాడు
ఇంట్లో రోజుకి రెండుసార్లు కరెంటు పోతుంది. పోయి వస్తే మళ్లీ రెస్ట్ మోడ్‌లోకి దానంతటదే వస్తుందా?

నిజాంపేట_ప్లేయర్
రెండు సెట్టింగ్‌లూ ఆపాను. నిన్న రాత్రి అమ్మే టీవీ ఆపింది, తెగలేదు. వాపస్ ఇవ్వట్లేదు. థాంక్స్ అక్కా, సర్వీస్_బెంచ్ గారికి కూడా. ఇంకోటి, దీనికి నా బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలవడం లేదు, ఎలా?

సర్వీస్_బెంచ్
కలవవు. బ్లూటూత్ ఆడియో లేదు. 3.5 జాక్ ఉంది, వైరుది పెట్టుకోండి.