అప్‌డేట్: ఎంపరర్ చేప మానుకుని కోరల్ బ్యూటీ తెచ్చా

300 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో ఎంపరర్ ఏంజెల్ అనే సముద్రపు చేపని పెట్టొచ్చా అని నెల్లూరు నుంచి ఇక్కడ అడిగింది నేనే. అది 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందని, దానికి ఇరుకైపోతుందని మీరు చెప్పాక ఆగిపోయా. 10 సెంటీమీటర్ల లోపే ఉండే కోరల్ బ్యూటీ అనే చిన్న ఏంజెల్ చేపని తెచ్చా.

మూడు రోజులు రాళ్ల సందులోంచి బయటికి రాలేదు, ఏం పెట్టినా ముట్టలేదు. నాకూ అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే రాయి మీది నాచు గీకుతూ కనబడింది. ఊదారంగు ఒళ్లు, పక్కలకి నారింజ మెరుపు! ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు క్లిప్పుకి పెట్టే ఎండు నాచు కూడా తింటోంది.

మా ఎండలకి నీళ్లు 31 డిగ్రీలకి పోతే ఫ్యాను పెట్టి 28కి దించా. ఆవిరైన మేరకు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోస్తున్నా, ఉప్పు ఆవిరి కాదు కదా. రొయ్యల చెరువున్న మా బావ ఉప్పుదనం కొలిచే సెలినిటీ మీటరు ఇచ్చాడు. ఉప్పు వెయ్యికి 35 పాళ్ల దగ్గర నిలబడుతోంది.