పాత డబ్బా టీవీలో గేమ్ ఆడితే పిల్లలకు సైటు వస్తుందా?

నమస్కారమండీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అటక మీదున్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి మా అబ్బాయి మావయ్య వీడియో గేమ్ తగిలించి ఇచ్చాడు. ఇక అన్నం కూడా దాని ముందే. మూరెడు దూరంలో కూర్చుంటాడు, రెప్ప వేయడు. లేచేసరికి కళ్ళు ఎర్రబడి, ఒకటే నలుపుకుంటాడు.

ఈ టీవీల్లో బొమ్మ సెకనుకు 50 సార్లు మిణుకుమంటుంది కదా, ఓరగా చూస్తే ఆ అదురు నాకే తెలుస్తోంది. ఎక్స్‌రేలను ట్యూబు మందపాటి అద్దమే ఆపేస్తుందని మెకానిక్ చెప్పాడు, ఆ భయం లేదు. నా టెన్షనంతా చూపు గురించే. ఈ ఎరుపు రెప్ప వేయకపోవడం వల్లేనా, లేక చూపే తగ్గుతోందా? అత్తగారు టీవీ తీసేయమంటున్నారు. తీసేస్తే ఫోన్ పట్టుకుంటాడు, అదింకా దగ్గర!

ఎంత దూరంలో, ఎంతసేపు ఆడనివ్వొచ్చు? భీమవరంలో చూపిస్తే, చుక్కల మందు వేసి పరీక్ష చేయమని అడగాలా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.